వింటికి వెదురు వీపు

వెదురు గెడను నిలువునా చీల్చేటప్పుడు చీలిక కత్తి కన్నా ముందు పోతుంది. కత్తికి పని మొదటి బెత్తెడు దాకానే. ఆ తర్వాత నార తన దారి తనే చూసుకుంటుంది. మా ఊరు ఉండిలో మేదరపని చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేను మొదట నేర్చుకున్నది ఇది. నా చేతిలో చీలిక ఒక పక్కకి జారిపోతుంటే కంగారుగా కత్తిని మెలితిప్పాను. "ఆయ్, కత్తినేం చెయ్యకండి బాబూ. లావుగా ఉన్న పక్కనే కాస్త వంచండి. అదే దారికొచ్చేత్తది" అన్నారు. వంచాను. వచ్చింది. తర్వాత ఆయన ఆ బద్దను మోకాలి మీద వేసుకుని, పైతోలు ఉన్న సన్నటి పొరను విడదీసి ఒక పక్కన పెట్టి, లోపలి తెల్లటి భాగాన్ని వెనక్కి విసిరేశారు. "బలమంతా తోల్లో ఉంటదండి. లోపలిది పొయ్యిలోకే."

ఆయన తట్ట అంచు గురించి చెబుతున్నారు. నేను విల్లు గురించి వింటున్నాను.

కర్రతో చేసిన వింటికి బయటి వైపు, అంటే విలుకాడి ముఖానికి కాకుండా గురికి ఎదురుగా ఉండే వైపు, సన్నటి వెదురు బద్దను అతికించి చేసే విల్లు ఒకటుంది. ప్రపంచంలో చేత్తో విల్లులు చేసుకునేవాళ్లకు ఇది బాగా తెలిసిన రకం. దీనికి తెలుగులో స్థిరపడిన పేరు నాకు ఎక్కడా కనబడలేదు కాబట్టి ఈ వ్యాసంలో 'వెదురు వీపు' అని పిలుచుకుంటాను. బయటి వైపు వీపు, లోపలి వైపు పొట్ట. నా ప్రశ్న చిన్నది. వెదురు, కర్ర, రెండూ ఎరిగిన మన గోదావరి నేలలో విల్లు ఎలా తయారైంది, ఈ అతుకు విల్లుకు అందులో చోటు ఉందా?

ముందు పదార్థం సంగతి చూడాలి, ఎందుకంటే మిగతా సాక్ష్యం అంతా దాని మీదే నిలబడుతుంది. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. చెట్టులో చేవ నడుమ ఉంటుంది, వెదురులో అంచున ఉంటుంది. గెడ గోడను అడ్డంగా కోసి నున్నగా రుద్ది చూస్తే ముదురు చుక్కలు కనబడతాయి. అవే నార కట్టలు. తోలు దగ్గర అవి కిక్కిరిసి ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. వెదురు నిర్మాణం మీద జీవితకాలం పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ లీజె లెక్కలో గెడ గోడ మొత్తం మీద నార సుమారు 40 శాతం, మెత్తటి కణజాలం 50 శాతం, నీటి గొట్టాలు 10 శాతం. అది సగటు. ఆ 40 శాతంలో సింహభాగం బయటి పొరలోనే ఉంటుంది. మేదరాయన పొయ్యిలోకి విసిరేసింది ఆ 50 శాతాన్ని.

మా డెల్టాలో తాటిచెట్టుదీ ఇదే స్వభావం. తాటిదూలం కొట్టించినవాళ్లకు తెలుసు: నల్లటి గట్టి భాగం బయట, దూదిలాంటిది లోపల. ఈ పోలిక ఊరికే చెప్పడం లేదు, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

విల్లు వంచినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. ఎండిన మంచి కర్ర పోగు పొడవునా లాగితే తట్టుకునే బలం, నొక్కితే తట్టుకునే బలానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. అలాంటప్పుడు బలంగా ఉన్న వీపుకే మళ్లీ బలం ఎందుకు అతికించడం? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తికమక పెట్టింది. సమాధానం కర్రలో లేదు, రంపంలో ఉంది. చెట్టు నుంచి చీల్చిన కర్రలో పోగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా ఉంటుంది. కోత మిల్లులో తీసిన పలకలో రంపం గీత గీసినట్టు తిన్నగా పోతుంది, పోగు మాత్రం అటూ ఇటూ వంకర తిరుగుతుంది. ఆ పలక వీపు మీద ఎక్కడో ఒకచోట పోగు తెగి, అంచు పైకి లేచి ఉంటుంది. వంచగానే అక్కడ పేడు లేస్తుంది. వెదురు బద్ద చేసే పని ఆ తెగిన అంచులను తెగని నారతో కప్పడం. పలకకు అది లేని బలం ఇవ్వడం కన్నా దాని లోపం బయటపడకుండా కాయడం అంటే సరిగ్గా ఉంటుంది.

ఆ కాపలా శ్రుతి మించితే ఇంకో ప్రమాదం. వీపు మరీ బలంగా, మందంగా ఉంటే అది సాగడానికి ఒప్పుకోదు, వంపు భారమంతా పొట్ట మీద పడుతుంది. పొట్టలో కర్ర విరగదు, నలుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు వెదురును ధైర్యంగా పలచన చేస్తారు: పిడి దగ్గర 3 మిల్లీమీటర్లు, కొప్పుల వైపు, అంటే వింటి కొనల వైపు, ఇంకా సన్నం. చిత్రిక పట్టేది లోపలి వైపే. తోలు వైపు కత్తి తగలకూడదు, కణుపుల దగ్గర మాత్రం ఉబ్బును ఆకురాయితో నెమ్మదిగా అణచాలి, చదును చేయకూడదు. కణుపు దగ్గర నార తిన్నగా పోదు, కొంత లోపలికి మళ్లి చిక్కుపడుతుంది. అక్కడ చదును చేస్తే ఆ మలుపు తెగుతుంది.

ఇక్కడే మన ప్రాంతానికి సంబంధించిన తేడా ఒకటి ఉంది. మన అడవుల్లో పెద్దగా వాడుకలో ఉన్న వెదురు రెండు రకాలు. ఒకటి సాధనపు వెదురు: పొడినేల కొండల మీద పెరుగుతుంది, సన్నం, లోపలి డొల్ల చాలా తక్కువ, కొన్ని గెడల్లో అసలుండదు. గెడ అడ్డుకొలత సాధారణంగా 2.5 నుంచి 8 సెంటీమీటర్లు. రెండోది ముళ్ల వెదురు: వాగుల ఒడ్డున, తేమ నేలలో పొదలుగా పెరుగుతుంది, 10 సెంటీమీటర్లు దాటిన లావు, లోపల పెద్ద డొల్ల. వీపుకు కావాల్సింది వీలైనంత చదునైన బద్ద. సన్నటి గెడ నుంచి తీస్తే బద్ద గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, లాగుడంతా ఆ ఉబ్బు నెత్తిన సన్నటి గీత మీద పడుతుంది. లావు గెడ నుంచి తీస్తే చదునుగా వస్తుంది. కనుక అతుకు పనికి ముళ్ల వెదురు నయం. కానీ ఏ అతుకూ లేకుండా ఒకే ముక్కతో విల్లు చేయాలంటే డొల్ల లేని సాధనపు వెదురే కావాలి. దాని తోలే దానికి వీపు, దాని గట్టి గుజ్జే దానికి పొట్ట. ప్రకృతి అతికించి ఇచ్చిన విల్లు అది.

మన్యంలో కనబడేది ఆ ఒకే ముక్క విల్లే. ఏలూరు జిల్లా బుట్టాయగూడెం నుంచి పాపికొండల మీదుగా రంపచోడవరం దాకా కొండరెడ్లు, కోయలు ఉండే ఊళ్లలో విల్లు అంటే వెదురు విల్లు. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో వెలువరించిన పుస్తకాలు రెండింటిలోనూ విల్లంబులు మగవాడి నిత్య సామగ్రిలో భాగం. కోయల భూమి పండుగలో, విత్తనాలు చల్లే ముందు, మగవాళ్లు విల్లంబులతో వేటకు వెళ్లడం, ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడగడం ఇప్పటికీ ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వేటను నేరం చేసింది. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. అందుచేత ఆ విల్లు చాలాచోట్ల ఇప్పుడు పండుగ విల్లు, నాట్యం విల్లు. తయారీ జ్ఞానం మీద దీని ప్రభావం ఉండే ఉంటుందని అనుకోవచ్చు. రోజూ వేటకు వాడే విల్లు ఏ మాత్రం ఒక పక్క బలహీనంగా ఉన్నా యజమానికి తెలిసిపోతుంది, ఏడాదికోసారి ఎత్తే విల్లుకు ఆ పరీక్ష ఉండదు.

గతంలోకి ఎంత దూరం పోగలం? వెదురు, కర్ర, నార మన తేమ మట్టిలో నిలవవు. తవ్వకాల్లో దొరికేవి ఇనుప ములుకులు, అంతకు ముందరి రాతి ములుకులు. శిల్పాల్లో విల్లు ఉంటుంది, అమరావతిలోనైనా కాకతీయుల గుళ్లలోనైనా. అయితే శిల్పం వంపు చెబుతుంది, పదార్థం చెప్పదు. రెండు వంపులున్న వింటిని చూడగానే 'ఇది కొమ్ము, నరం అతికించిన సంకీర్ణ విల్లు' అని రాసేసేవాళ్లున్నారు. ఒకే వెదురు బద్దను నిప్పు సెగ మీద వంచినా అలాంటి వంపు వస్తుంది. శిల్పి చేతిలో అందం కోసం కూడా వస్తుంది. నేను శిల్పాన్ని ఈ విషయంలో సాక్షిగా పిలవను.

రాతలు కొంత మెరుగు. హెరొడోటస్ క్రీస్తుపూర్వం 480 నాటి పారశీక చక్రవర్తి క్సెర్‌క్సీస్ సైన్యాన్ని వర్ణిస్తూ భారతీయ సైనికుల విల్లులు, అంబులు రెల్లు జాతి కాడతో చేసినవన్నాడు. దాన్ని పండితులు వెదురుగా అర్థం చేసుకున్నారు. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ చెప్పినదాన్ని ఆధారం చేసుకుని ఆరియన్ రాసినదాని ప్రకారం భారతీయ కాల్బలం విల్లు మనిషి నిలువెత్తు. దాన్ని నేల మీద ఆనించి ఎడమ కాలితో తన్నిపట్టి లాగేవారు. ఇవి సింధు ప్రాంతపు సంగతులు, గోదావరివి కావు. దూరం గుర్తుంచుకోవాలి.

అర్థశాస్త్రం ఇంకా దగ్గరి సాక్షి. ఆయుధాగారాధ్యక్షుడి ప్రకరణంలో విల్లు పదార్థాలు నాలుగు చెప్పింది: తాళం, చాపం, దారవం, శార్ఙ్గం. అంటే తాటి, వెదురులో ఒక రకమని వ్యాఖ్యాతలు చెప్పే చాపం, కర్ర, కొమ్ము. అల్లెతాడుకు ఆరు పదార్థాలిచ్చింది, వాటిలో జనుము, జిల్లేడు, నరాలతో పాటు వేణువు, అంటే వెదురు, ఉంది. మొదటిసారి చదివినప్పుడు వెదురుతో అల్లెతాడేమిటని ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసింది: భిల్లుల విల్లుకు, బస్తర్ కొండ మారియాల విల్లుకు అల్లెతాడు పురి పెట్టిన తాడు కాదు, సన్నటి వెదురు పేడే. రెండు చివర్లా నారతో ఉచ్చు కట్టి కొప్పుకు తగిలిస్తారు. తేమకు సాగదు, మంచుకు తడిసినా ముడుచుకోదు. గ్రంథంలో ఒక్క మాటగా ఉన్నది కొండ మీద చేతి పనిగా ఈనాటికీ నిలిచిందంటే ఆ జాబితా పండితుడి ఊహ కాదని నమ్మవచ్చు.

తాటి పేరు ముందు రావడం మా బోటి డెల్టావాళ్లకు సరదాగా ఉంటుంది. కానీ కారణం నార సంగతే. తాటి, వెదురు రెండూ ఏకదళ బీజాలు, రెంటికీ బలం బయటి అంచున. అతుకు అక్కరలేకుండా వీపు, పొట్ట వేరువేరు గుణాలతో వచ్చే రెండు పదార్థాలను ఆ రోజుల్లోనే ఎంచుకున్నారు. ఒకదాని మీద ఒకటి అతికించడం గురించి ఆ సూత్రంలో మాట లేదు. నాలుగూ విడివిడి రకాలుగానే ఉన్నాయి.

కర్రలో ఏ కర్ర? దీనికి ఒక మంచి ఆనవాలు పేరులోనే ఉంది. తెలుగులో చరచి అనే చెట్టును సంస్కృత వైద్య నిఘంటువులు ధన్వనం, ధనుర్వృక్షం అంటాయి. బండి కాడికి, పనిముట్ల పిడికి వాడే సాగుడు గుణమున్న కర్ర అది. చెట్టుకు విల్లు పేరు పెట్టారంటే దాన్ని విల్లుకు వాడారనడం న్యాయమైన ఊహ. అంతకు మించి లాగను.

భాష కూడా ఒక తవ్వకం లాంటిదే, అయితే అందులోనూ జాగ్రత్త కావాలి. విల్లు, అమ్ము, వెదురు మూడూ ద్రావిడ మాటలు, తమిళంలో విల్, అంబు, వెదిర్. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు నార, నారి రెంటినీ ఒకే చోట పెట్టింది. వింటినారి అంటే నారతో చేసినదే. సింగిణి అనే మాట కొమ్ముకు సంస్కృతంలో ఉన్న శృంగ శబ్దానికి చుట్టం, కొమ్ము విల్లు ఇక్కడికి తెలిసిందనడానికి గుర్తు. ఉండేలు అంటే ఇప్పుడు పిల్లల చేతి రబ్బరు పంగ, కానీ మాట విడదీస్తే ఉండ, విల్లు. మట్టి ఉండలు విసిరే వెదురు విల్లు అది. రెండు తాళ్ల నడుమ చిన్న గుడ్డ బద్దె, అందులో ఉండ. ఉండేలుకూ మా ఊరు ఉండికీ ముడి వేస్తే వ్యాసానికి మంచి అలంకారం అవుతుంది. ఆధారం లేని ముడి కాబట్టి వేయను. ఈ మాటల్లో తాడుకు, కొమ్ముకు, ఉండకు పేర్లున్నాయి. వీపు అతుకుకు లేదు.

ఉండి నియోజకవర్గంలోనే పాలకోడేరు మండలం మోగల్లు ఉంది, అల్లూరి సీతారామరాజు కుటుంబం ఊరు. ఆయన 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టాడు. 2022లో అదే తేదీన, 125వ జయంతికి, భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. మా ప్రాంతంలో పిల్లవాడికి విల్లు అనగానే ముందు గుర్తొచ్చేది రాముడో, రాజుగారో. రాజుగారి పోరాటంలో విల్లు వాటా ఎంత? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. అక్కడ తీసుకున్నవి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. ఆ ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ చనిపోయింది కూడా ఆ దాడుల తర్వాతే. స్టేషన్లను ఎంచుకోవడమే ఒక సాక్ష్యం: విల్లుతో యుద్ధం సాగదని నాయకుడికి తెలుసు. అడవి మనుషుల దగ్గర అప్పటికే ఉన్న ఆయుధం విల్లు, వాళ్లకు లేనిది తుపాకి. రాజుగారు బాణానికి మిరపకాయలు కట్టి ముందే హెచ్చరిక పంపేవారన్న 'మిరపకాయ టపా' కథల్లో బాణం ఎంత మెరిసినా, విల్లు ఆ తిరుగుబాటుకు మొదటి మెట్టే. ఇది చెప్పడం వల్ల రాజుగారి కీర్తి తగ్గదు, వ్యూహం మీద గౌరవం పెరుగుతుంది.

మరి వెదురు వీపు అసలు ఎక్కడిది? స్పష్టమైన చరిత్ర ఉన్నది జపాన్‌లో. అక్కడి మొదటి విల్లులు ఒకే కర్రవి. సుమారు 11, 12 శతాబ్దాల నాటికి కర్ర బయటి వైపు వెదురు అతికించిన విల్లు వచ్చింది, దాని పేరు ఫుసెతకె. తర్వాత పొట్ట వైపూ వెదురు చేరి, నడుమ కర్ర మిగిలింది. నేటి జపాన్ విల్లు, 2 మీటర్లు దాటిన పొడవుతో, ఆ వంశంలోదే. వాళ్ల పాత జిగురు పేరు నిబె. ఆ పేరు నిబె అనే చేపది, దాని గాలితిత్తి నుంచి జిగురు కాచేవారు. ఆ చేప మన కచిడికి దగ్గరి బంధువు. అంతర్వేది, ఉప్పాడల్లో ఒక్క కచిడి చేప లక్షలు పలికిందని పేపర్లో వచ్చినప్పుడల్లా ఆ డబ్బంతా గాలితిత్తికే అని చదువుతాం కదా, ఆ తిత్తి జాతే.

తేమ వల్ల మన దగ్గర అతుకు విల్లు నిలవలేదన్నది మొదట నా ఊహ. కొల్లేరు పక్కన కూర్చున్నవాడికి ఆ ఊహ రావడం సహజం. వానాకాలంలో మా ఇళ్లలో తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. వడ్రంగి వాడే పాత సరేసు, అంటే పశుచర్మం కాచిన జిగురు, చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. కొమ్ము, నరం విల్లులకు మన వానలు పడవు కాబట్టే ఉత్తరాదిలో ఉక్కు విల్లులు చేసుకున్నారన్న వివరణ కూడా ఉంది. అంతా బాగానే పొసిగింది. కానీ జపాన్ అడ్డొచ్చింది. అక్కడ వానలు తక్కువా? అదే రకం జంతు జిగురుతో, లక్క పూసి, పేముతో చుట్టి వాళ్లు శతాబ్దాలు నడిపారు. కనుక తేమ ఒక్కటే కారణమన్న ఊహను వదులుకున్నాను. దాని బదులు నాకు ఇప్పుడు బలంగా తోచేది అవసరం సంగతి. కొండ మీద డొల్ల లేని వెదురు చేతికందేవాడికి కర్ర పలక తెచ్చి, జిగురు కాచి, రెండూ కలిపి కట్టాల్సిన పనేముంది? డెల్టాలో పలక ఉంది, జిగురు ఉంది, ముళ్ల వెదురు గోదావరి మీద తెప్పలుగా దిగి కాలువ వెంట వచ్చేది. కానీ వేట లేదు. ఇక్కడ ఆ వెదురు చేపల ఊతలైంది, మావులైంది, తడికైంది, దోనె తోసే గెడైంది. విల్లు అవసరమైనచోట అతుకు అక్కరలేదు, అతుకుకు సరంజామా ఉన్నచోట విల్లు అక్కరలేదు. ఇది నిరూపణ కాదు. ఉన్న సాక్ష్యాలన్నీ మోయగల ఊహ మాత్రమే, ఒక మన్యం ఊళ్లో పాత అతుకు విల్లు ఒక్కటి దొరికినా దీన్ని మార్చుకోవాలి.

ఊహ చేసినవాడు చేతులు కదపకపోతే బాగుండదని రెండు విల్లులు చేశాను. మొదటిది వేప పలక మీద. వెదురు అందంగా ఉందని మందంగానే ఉంచేశాను. గోడకు మేకు కొట్టి, పిడి దాని మీద పెట్టి, అల్లెతాడును కొద్దికొద్దిగా కిందికి లాగుతూ వింటి రెండు చేతులూ, అంటే పిడికి అటూ ఇటూ ఉండే భాగాలు, సమంగా వంగుతున్నాయా అని చూడటం, ఎక్కడ బిగుసుగా ఉంటే అక్కడ పొట్ట వైపు గాజుపెంకుతో గీకడం, మళ్లీ లాగడం. ఇందులో ఉన్న తిరకాసు ఏమిటంటే కర్ర బిగువు మందం ఘనానికి అనుగుణంగా మారుతుంది. మందం పదో వంతు తగ్గిస్తే బిగువు పాతిక శాతానికి పైగా పడిపోతుంది. వెడల్పు పదో వంతు తగ్గిస్తే పడేది పదో వంతే. అందుకే ముగింపు దగ్గర చిత్రిక పక్కన పెట్టి గాజుపెంకు పట్టుకోవాలి. అంతా బాగానే ఉందనుకున్న సాయంత్రం పొట్ట మీద, కింది చేతి నడుమ, వెంట్రుకంత సన్నగా అడ్డంగా ఒక గీత కనబడింది. గోటితో రాస్తే తగిలింది. పక్కనే ఇంకోటి. కర్ర విరగలేదు, చప్పుడు కాలేదు, నలిగింది. ఒకరోజు తర్వాత అక్కడ విల్లు మోచెయ్యి మడిచినట్టు వంగడం మొదలెట్టింది. వీపు గెలిచింది, పొట్ట ఓడింది.

రెండోదానికి నల్లతుమ్మ. మా వైపు బండి చక్రాలకు, నాగలికి వాడే గట్టి కర్ర, నొక్కుడు బాగా తట్టుకుంటుంది. వెదురును ఈసారి అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, లోపలి వైపు రుద్ది, వెలుతురుకు ఎదురుగా పెట్టి ఎక్కడా సందు లేదని చూసుకున్నాను. అతికించడానికి రెండు పాళ్ల రెసిన్ జిగురు. చుట్టడానికి పాత సైకిల్ ట్యూబును సన్నటి పీలికలు కోసి బిగించాను. ఇది ప్రపంచమంతా వాడే పద్ధతి, ఇనుప బిగింపులకన్నా సమంగా నొక్కుతుంది. కట్టేటప్పుడు చివరల కింద ముక్కలు పెట్టి విల్లును వ్యతిరేక దిశలో రెండు వేళ్ల మేర వంచాను. జిగురు ఆరాక ఆ వంపులో కొంత నిలుస్తుంది. పని చేసింది. కానీ ఒక్క విల్లు పని చేస్తే దాన్నుంచి సూత్రం చెప్పకూడదు. నల్లతుమ్మ వల్లా, పలచటి వెదురు వల్లా, రెండోసారి చేతికి వచ్చిన ఓపిక వల్లా అన్నది ఆ విల్లు ఒక్కటే తేల్చలేదు.

వెదురు కోసే కాలం గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద నమ్మకాలు ఎక్కువ. మొలక కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తు అందుకుంటుంది కానీ నార గట్టిపడటానికి మూడేళ్లయినా కావాలి. ఏడాది గెడ నిగనిగలాడుతుంది, మోసం చేస్తుంది. వానలు వెళ్లాక కోస్తే గెడలో పిండిపదార్థం తక్కువ, పుచ్చు పట్టదు. చెరువులోనో కాలువలోనో కొన్ని వారాలు నానబెట్టడం కూడా ఆ పిండి కడిగేయడానికే. ఇందులో శాస్త్రం ఉంది. అమావాస్య, పౌర్ణమి లెక్కలకు నేను హామీ ఉండను. ఇంకో సౌకర్యం కొత్తగా వచ్చింది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించడంతో సొంత పొలంలో గెడ నరికినా, బండి మీద వేసినా కాగితాలు అడిగేవారు. 2017 సవరణతో అడవి బయట పెంచిన వెదురు ఆ లెక్కలోంచి బయటపడింది.

ఇవాళ తెలుగునేలలో విల్లు అంటే విజయవాడ. వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది, బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ జట్టులో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు. ఆమెది కప్పీలున్న లోహపు విల్లు, అతనిది కార్బన్ బద్దల విల్లు. వాటిలో వెదురు లేదు. కానీ మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది, వెదురు, కర్రతో చేసిన దేశవాళీ విల్లుతో పెద్దలు 50 మీటర్లు, 30 మీటర్ల దూరాలు కొడతారు. చాలామంది పిల్లలు మొదట పట్టుకునేది అదే. ఉదయ్‌పూర్ దగ్గరి గిరిజన కుటుంబంలో వెదురు విల్లుతో మొదలెట్టిన లింబారాం 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. తెలుగువాడి చేతికి వెదురు అతుకు విల్లు చేరింది ఈ ఆటల దారిలోనే అని నా అంచనా, మన్యం దారిలో కాదు.

నా నల్లతుమ్మ విల్లు ఉండిలో మా వసారాలో దండానికి వేలాడుతోంది, అల్లెతాడు విప్పి. వేసవిలో విప్పగానే దాదాపు తిన్నగా నిలిచేది. ఆషాఢం వచ్చేసరికి విప్పినా రెండు వేళ్ల వంపు మిగిలిపోతోంది. తలుపు చిత్రిక పట్టడానికి వచ్చిన వడ్రంగి దాన్ని తీసి, ఒక కన్ను మూసి కొప్పు నుంచి కొప్పుకు చూసి, "పై చెయ్యి కాస్త బిగువుగా ఉందండి" అన్నాడు. నిజమే. నాకు తెలుసు. గాజుపెంకు తీసి ఇంకా రెండు గీకులు గీకాలా, లేక సంక్రాంతి దాకా, గాలి పొడిబారేదాకా ఆగాలా అన్నది ఆలోచిస్తున్నాను.